పాడిన పాటకే కాగితం: తొమ్మిదేళ్ల పాప ఫారిన్ హిట్ కేసు

నేను హైదరాబాద్‌లో మ్యూజిక్ రైట్స్ పని చేస్తా. లాయర్ని కాదు, కాగితాలు రాసేటప్పుడు పక్కన ఒక లాయర్ మేడమ్ ఉంటారు. పాట ఎవరిది, డబ్బు ఎటు నుంచి ఎటు పోతోంది, మెటాడేటాలో (పాటతో పాటు ఎక్కించే పేర్ల వివరాల్లో) పేరు సరిగ్గా పడిందా లేదా, ఇవి చూడటమే నా పని. వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఫోక్ ఛానళ్ల వాళ్లు, ఇండిపెండెంట్ సింగర్లు. చిన్నపిల్లల పాటల మీద ఈమధ్య ఫోన్లు ఎక్కువయ్యాయి కాబట్టి ఈ ఒక్క కేసు పూర్తిగా రాసి పెడదామనిపించింది. ఇంట్లోవాళ్లు సరే అన్నాకే రాస్తున్నా. పేర్లు, ఏరియా, ఏ దేశంలో హిట్ అయింది అనేవి తీసేశా, ఇంకొన్ని వివరాలు మార్చేశా. పాపని పాప అనే అంటా.

ముందు సంగతి

పాపకి తొమ్మిదేళ్లు, నాలుగో క్లాస్. నాన్నది చిన్న ప్రైవేట్ ఉద్యోగం, అమ్మ ఇంట్లోనే మిషన్ కుడుతుంది. సంగీతం క్లాసులకి పంపింది లేదు, నానమ్మ పాడుతుంటే విని పట్టేసిన పాటలే అన్నీ. బతుకమ్మ ముందు ఫోక్ ఛానళ్లకి ఎంత పని ఉంటుందో తెలుసు కదా, కృష్ణానగర్, యూసుఫ్‌గూడ వైపు సందుకో స్టూడియో, అందులో రోజుకో పాట. ఆ సీజన్‌లోనే ఒక ఛానల్ ఓనర్ ఎవరో పంపిన వాట్సాప్ క్లిప్‌లో ఈ పాప గొంతు విని ఆదివారం పిలిపించి పాడించాడు. అది నానమ్మ పాడే జోలపాట, దానికే కాస్త డప్పు, కీబోర్డ్ కలిపి, పొలంలో వీడియో తీసి పెట్టాడు. ఇక్కడ ఓ మోస్తరుగా ఆడింది, అంతే.

కొన్ని నెలలకి ఎవరో ఆ పాటలో ఒక ముక్కని స్పీడ్ పెంచి షార్ట్ వీడియోకి వాడారు. యూరప్‌లో ఒక దేశంలో పిల్లలు, పెద్దలు దానికి స్టెప్పులేసి పెట్టడం మొదలైంది, ఆ ముక్క ఏ పాటలోదో అని షాజమ్ (వినపడే పాట ఏదో చెప్పే యాప్) కొట్టడం మొదలైంది, అక్కణ్ణుంచి అసలు పాట స్ట్రీమింగ్ యాప్ వైరల్ చార్ట్‌లోకి, తర్వాత ఆ దేశపు మెయిన్ సింగిల్స్ చార్ట్‌లోకి, ఇంగ్లీష్ పాప్ పాటల మధ్యలో కూర్చుంది. మాటలు ఒక్కటి కూడా అక్కడివాళ్లకి తెలియదు. ఇంతలో ఒక డీజే ఎవర్నీ అడక్కుండా రీమిక్స్ చేసేశాడు, అది క్లబ్బుల్లో ఎక్కేసరికి ఒక ఫారిన్ లేబుల్, అంటే పాటలు రిలీజ్ చేసే కంపెనీ, దాన్ని అఫీషియల్‌గా రిలీజ్ చేస్తామని వచ్చింది.

బయటి దేశంలో పిల్లల పాట ఇలా పేలడం కొత్తేం కాదు. జిమ్మీ ఆస్మండ్ అనే తొమ్మిదేళ్ల అమెరికన్ పిల్లాడి పాట 1972 క్రిస్మస్‌కి బ్రిటన్‌లో నంబర్ వన్, అదే పాట సొంత అమెరికాలో 38 దగ్గర ఆగింది. కాకపోతే అప్పుడు వెనకాల పెద్ద కంపెనీ ఉండేది, మేనేజర్లు ఉండేవాళ్లు. మన దగ్గర ఒక ఛానల్ ఓనరు, అతని ఫోనూ.

నా దగ్గరికి వచ్చేసరికి

నాన్న ఒక ప్లాస్టిక్ ఫోల్డర్ పట్టుకొచ్చాడు, అందులో మూడు కాగితాలు. ఒకటి ఛానల్ వాళ్లు రాయించుకున్న వంద రూపాయల స్టాంప్ పేపర్, "సదరు పాటపై సర్వహక్కులు ఛానల్‌కే చెందును" అని ఒక్కటే పేరా, ఎన్నేళ్లకి, ఏ దేశాలకి, వాటా ఎంత, ఏమీ లేదు. కింద పాప గుండ్రంగా తెలుగులో పెట్టిన సంతకం, దాని కింద నాన్నది. రెండోది ఆ లేబుల్ పంపిన డ్రాఫ్ట్ అగ్రిమెంట్. మూడోది దుబాయ్‌లో, లండన్‌లో షోలు పెడతామని ఈవెంట్ వాళ్ల మెయిల్ ప్రింటౌట్.

"అన్నా, ఫారిన్ల మా బిడ్డ పాట మోగుతాంది అంటున్రు, ఈడ రూపాయి రాలె. ఛానలోడు మింగిండంటవా?" ఇదీ ఆయన ప్రశ్న. అమ్మ అడిగింది ఒక్కటే, స్కూల్ మాన్పించాల్సి వస్తుందా అని.

ఛానల్ ఓనర్ని పిలిచి డిస్ట్రిబ్యూటర్ (పాటని స్ట్రీమింగ్ యాప్‌లకి ఎక్కించి డబ్బు తెచ్చిచ్చే కంపెనీ) డాష్‌బోర్డ్, అంటే లెక్కల పేజీ, చూపించమన్నా. డబ్బు అతనికీ రాలేదు. స్ట్రీమింగ్ లెక్కలే రెండు మూడు నెలలు ఆలస్యంగా వస్తాయి, రేడియో డబ్బు దాన్ని వసూలు చేసి పంచే సొసైటీల ద్వారా తిరిగి రావాలి కాబట్టి ఇంకా లేటు. చార్ట్‌లో నంబర్ కనిపించిన రోజునే అకౌంట్లో డబ్బు పడుతుందని అందరూ అనుకుంటారు, ఈ ఊహ వల్లే సగం గొడవలు. దాంతోపాటు ఇంకో సంగతి బయటపడింది. పాప పేరు మూడు రకాల స్పెల్లింగులతో ఉంది, రెండు చోట్ల ముందు "బేబీ" తగిలించారు, ఒక చోట ఆర్టిస్ట్ స్థానంలో ఛానల్ పేరే ఉంది. ఆ దేశంలో రేడియోలో పాట పడితే అనౌన్సర్ చదివేది ఛానల్ పేరన్నమాట. లిరిక్స్ కాలమ్‌లో ఛానల్ ఓనర్ తన పేరు వేసుకున్నాడు.

పనిచేయనివి

నా దగ్గరికి రాకముందే చుట్టాల్లో ఒక లాయర్ ఛానల్‌కి నోటీస్ కొట్టాడు, కాపీ డిస్ట్రిబ్యూటర్‌కి కూడా పంపాడు. వాదన ఏంటంటే మైనర్ చేసిన కాంట్రాక్ట్ చెల్లదు, 1903లోనే మొహరీ బీబీ కేసులో ప్రివీ కౌన్సిల్ (బ్రిటిష్ కాలంలో మన కేసులకి ఆఖరి కోర్టు) తేల్చేసింది, కాబట్టి స్టాంప్ పేపర్ చిత్తుకాగితం, పాట మాదే. మొదటి సగం కరెక్టే. కానీ "పాట మాదే" అనేది అందులోంచి రాదు. కాపీరైట్ చట్టంలో సౌండ్ రికార్డింగ్‌కి ఓనర్ దాన్ని తయారు చేయించిన నిర్మాత, అది ఈ స్టాంప్ పేపర్ మీద ఆధారపడి లేదు. పాపకి ఉండేది పెర్ఫార్మర్ హక్కు, అంటే పాడినవాళ్లకి ఉండే హక్కు. కాగితం చెల్లకపోతే రికార్డింగ్ ఛానల్ దగ్గరే ఉంటుంది, దాన్ని అమ్ముకోవడానికి పాప తరఫు ఒప్పుకోలు మాత్రం ఎగిరిపోతుంది. అంటే ఇద్దరూ ఇరుక్కున్నారు. పైగా చెల్లని కాగితం రెండు వైపులా చెల్లదు. బాంబే హైకోర్టులో రాజ్ రాణి వర్సెస్ ప్రేమ్ అదీబ్ అని 1949 రిపోర్టుల్లో ఒక కేసు ఉంది, మైనర్ అమ్మాయి సినిమాలో నటించడానికి తండ్రి నిర్మాతతో ఒప్పందం చేసుకున్నాడు, నిర్మాత మధ్యలో తీసేస్తే ఆ అమ్మాయి కోర్టుకెళ్లింది, ఒప్పందమే చెల్లదు కాబట్టి నష్టపరిహారం అడిగే హక్కు కూడా లేదని తేలింది. పిల్లల కాగితం చెల్లదు అని గుండె మీద చెయ్యేసుకుని చెప్పేవాళ్లకి ఈ కేసు చదవమని చెప్తుంటా.

నోటీస్ ఫలితం మూడు నాలుగు రోజుల్లోనే తెలిసిపోయింది. డిస్ట్రిబ్యూటర్ వివాదం ఉంది కదా అని పేమెంట్ మొత్తం హోల్డ్‌లో పెట్టింది. లేబుల్ వాళ్లు రైట్స్ క్లియర్ అయ్యేదాకా ఆగుతామన్నారు. ఛానల్ ఓనర్ ఫోన్ ఎత్తడం మానేశాడు.

రెండోది పేర్లు సరిచేయించడం. మెయిల్ పెట్టి మార్చమంటే డిస్ట్రిబ్యూటర్ ఒక దశలో పాట తీసేసి కొత్తగా అప్‌లోడ్ చేసుకోండి అంది. చార్ట్‌లో ఉన్న పాటని తీసేస్తే స్ట్రీమ్ కౌంట్, ప్లేలిస్టులు అన్నీ పోయే ప్రమాదం. దాన్ని అక్కడే ఆపాను.

మూడోదాని దగ్గర కాసేపు ఆగాలి. షోలకి ముందు ఒక చిన్న లైవ్ వీడియో పంపమని ఈవెంట్ వాళ్లు అడిగారు. నాన్న స్టూడియో బుక్ చేసి పాపతో పాడించాడు. పంపితే వాళ్ల సమాధానం, గొంతు వేరేలా ఉంది, వైరల్ అయిన గొంతు కావాలి అని. పాప గొంతులో ఏ తేడా లేదు, తేడా అంతా వైరల్ అయిన ముక్కలోనే ఉంది. ఒకటిన్నర కాదు, రెండు రెట్లు కాదు, స్పీడ్ ఊరికే 1.2 రెట్లు చేసినా పాట దాదాపు మూడు స్వరస్థానాలు పైకి పోతుంది. పాప పాడింది ఐదున్నర శ్రుతిలో, జనం విన్నది ఏడు శ్రుతి. అంటే ఆ గొంతు భూమ్మీద ఎవరిదీ కాదు, మిషన్‌ది. నాన్న ఇంకోసారి ఏడు శ్రుతిలో ట్రై చేయించాడు, పాప అరిచినట్టు పాడింది, రెండో టేక్‌కి గొంతు బొంగురు. ఈఎన్‌టీ డాక్టర్ చూసి గొంతుకి రెస్ట్ ఇవ్వమన్నారు, ఆ ఎత్తులో పదే పదే పాడిస్తే పిల్లల వోకల్ కార్డ్స్ మీద కాయలు కట్టే అవకాశం ఉందని చెప్పారు. ఇక షోల్లో ఆ శ్రుతిలో పాడేది లేదని అమ్మ అక్కడికక్కడే తేల్చేసింది. నాకు చాలా పని తప్పింది నిజానికి, ఎందుకంటే షోలు వద్దని నేను చెప్పాల్సిన కారణాలు వేరే ఉన్నాయి, అవి నాన్నకి ఎక్కడానికి టైం పట్టేది.

ఎక్కడ గీత గీశాం

లేబుల్ డ్రాఫ్ట్‌లో రెండు రకాల సంగతులు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి, ఉన్న రికార్డింగ్‌ని రీమిక్స్‌కి వాడుకోవడం. రెండు, పాప ముందుముందు ఇంకొన్ని సింగిల్స్ పాడాలి, ఆ కాలమంతా ఇంకెవరికీ పాడకూడదు, ప్రమోషన్‌కి రావాలి. వాళ్ల మామూలు ఫార్మాట్ అదే, మోసమేం కాదు.

ఇక్కడ మాకు దారి చూపించింది 1956 హిందూ మైనారిటీ అండ్ గార్డియన్‌షిప్ చట్టం సెక్షన్ 8. మైనర్ మేలు కోసం అవసరమైన పనులు సహజ సంరక్షకుడు చేయొచ్చు, కానీ మైనర్‌ని వ్యక్తిగతంగా కట్టిపడేసే హామీ మాత్రం ఇవ్వలేడు. లాయర్ మేడమ్ ఆ లైన్ చదివి వినిపించాక పని తేలికైంది. పాడేసిన పాటలో పాపకున్న హక్కు ఆస్తి లాంటిది, దాని మీద తండ్రి పాప మేలు చూసి సంతకం పెట్టే వీలుంది. పాడబోయే పాట అలా కాదు, అది పాప చేయాల్సిన పని, దానికి తండ్రి మాటివ్వలేడు, ఇచ్చినా నిలవదు. కాబట్టి ఉన్నదానికి లైసెన్స్, లేనిదానికి ఏమీ లేదు. డ్రాఫ్ట్‌లో ప్రతి క్లాజునీ ఈ ఒక్క ప్రశ్నతోనే జల్లెడ పట్టాం.

చట్టం పక్కన పెట్టినా లెక్క అదే చెప్తుంది. లారీ లండన్ అని ఇంగ్లండ్ పిల్లాడు, 1958లో పద్నాలుగేళ్లకే అమెరికాలో నంబర్ వన్ దాకా పోయాడు, మళ్లీ అక్కడి చార్ట్‌లో కనపడలేదు. ఇటలీ పిల్లాడు రాబర్టినో లొరెటి డెన్మార్క్ నుంచి పైకొచ్చి సోవియట్ యూనియన్‌లో ఇంటింటికీ తెలిసిన గొంతయ్యాడు, తర్వాత వయసొచ్చింది, గొంతు మారింది, జనం గుర్తుపెట్టుకున్న గొంతు మళ్లీ రాలేదు. మగపిల్లలంత కాకపోయినా ఆడపిల్లల గొంతు కూడా మారుతుంది. పన్నెండు, పదమూడేళ్లు వచ్చేసరికి పాపకి పాడాలని ఉంటుందో లేదో కూడా ఎవరికీ తెలియదు, ఇప్పుడే ఐదేళ్లకి రాసిస్తే అది ఎవరి తరఫున రాసినట్టు?

షోల సంగతి. మన దగ్గర పిల్లలతో ప్రోగ్రాం చేయించాలంటే చైల్డ్ లేబర్ రూల్స్‌లో 2017లో చేర్చిన నిబంధనలున్నాయి, జిల్లా మెజిస్ట్రేట్ అనుమతి, రోజుకి ఐదు గంటలు మించకూడదు, రెస్ట్ లేకుండా మూడు గంటలు దాటకూడదు, వరసగా 27 రోజులకంటే ఎక్కువ పెట్టుకోకూడదు, సంపాదనలో కనీసం 20 శాతం నేషనలైజ్డ్ బ్యాంకులో పిల్లల పేరు మీద ఫిక్స్‌డ్ డిపాజిట్. బ్రిటన్‌లో అయితే అక్కడి లోకల్ కౌన్సిల్ లైసెన్స్ కావాలి. ఈ లిస్ట్ మెయిల్‌లో పెట్టి లైసెన్సులన్నీ ఎవరు తెస్తారని అడిగితే ఈవెంట్ వాళ్ల నుంచి మళ్లీ జవాబు లేదు. అడగ్గానే మాయమయ్యేవాళ్ల గురించి ఎక్కువ ఆలోచించక్కర్లేదు.

పని చేసింది

ముందు నోటీస్ వెనక్కి తీసుకున్నాం. నాన్నకి ఇది అస్సలు నచ్చలేదు, ఓడిపోయినట్టు ఫీలయ్యాడు. కానీ హోల్డ్ తీసేయాలంటే వివాదం లేదని ఇద్దరూ రాసివ్వాలి, కోర్టుకెళ్లి గెలిచేలోపు ఆ పాట జనం మర్చిపోతారు, చార్ట్ మన వాయిదాల కోసం ఆగదు.

తర్వాత ఛానల్ ఓనర్‌ని, నాన్నని ఒకే టేబుల్ దగ్గర కూర్చోబెట్టా. ఓనర్ కోపం వేరే రకం, "నేను దొంగనా అన్నా? పిలిచి పాడించింది నేను, వీడియోకి అప్పు జేసి పెట్టింది నేను, నోటీస్ నాకే పంపుతరా?" అతని మాటలో న్యాయం ఉంది. అందుకే మొదట అతనికి కావాల్సింది ఒప్పుకున్నాం, మాస్టర్ (అసలు) రికార్డింగ్ ఓనర్ ఛానలే అని రాశాం. అది ఒప్పుకోగానే మిగతావన్నీ చకచకా అయిపోయాయి. స్టూడియో, వీడియో ఖర్చు ముందు తీసుకుని మిగిలింది చెరి సగం, రీమిక్స్ అడ్వాన్స్‌తో సహా. పాప మెయిన్ సింగర్‌గా ప్రతి చోటా ఒకే స్పెల్లింగ్‌తో, "బేబీ" లేకుండా. పేరు వేయించుకోవడం మేం బతిమాలింది కాదు, 2012 సవరణలో వచ్చిన 38బి సెక్షన్ ప్రకారం పెర్ఫార్మర్‌కి తనని గుర్తించమని అడిగే హక్కు ఉంది.

లిరిక్స్ కాలమ్ మీద మాత్రం చిన్న పంచాయితీ అయింది. ఓనర్ తన పేరు తీయనన్నాడు. నానమ్మని అడిగితే, "మా అమ్మ పాడేది బిడ్డా, ఆమెకెవరు నేర్పిండ్రో నాకేం ఎరుక" అంది. అంటే జానపదం, ఎవరి సొత్తూ కాదు. మాటలు సాంప్రదాయం అని, డప్పు, కీబోర్డ్ ఏర్పాటు అతను చేయించాడు కాబట్టి అరేంజర్‌గా అతని పేరు అని రాశాం. ఇది పంతం కోసం కాదు. వేరే జిల్లాలో ఇంకో ఛానల్ ఇదే పాట వేరే వరసలో పెట్టి ఉంది, రచయితగా ఒకరి పేరు వేసి ఫారిన్ లేబుల్‌కి గ్యారంటీ ఇచ్చామంటే రేపు వాళ్లు వచ్చి నిలదీస్తారు.

మెటాడేటాకి దొరికిన దారి ఐఎస్‌ఆర్‌సీ కోడ్, ఒక్కో రికార్డింగ్‌కి ఇచ్చే గుర్తింపు నంబర్. ఆ కోడ్ రికార్డింగ్‌కి ఉంటుంది, డిస్ట్రిబ్యూటర్‌కి కాదు. కొత్త డిస్ట్రిబ్యూటర్ ద్వారా అదే ఆడియో, అదే కోడ్‌తో ముందు పైకి ఎక్కించి, రెండూ కలిసి కౌంట్ కనిపిస్తోందని చూసుకున్నాకే పాతది దించాం. పేరు ఒకటయ్యాక మూడు ప్రొఫైల్స్ కలిపించాం. ఈ స్పెల్లింగ్ పట్టుదల అనవసరం అనుకునేవాళ్లకి ఒక ఉదాహరణ, అమెరికాలో డిజిటల్ రేడియో డబ్బు పంచే సౌండ్‌ఎక్స్చేంజ్ 45 శాతం నేరుగా మెయిన్ ఆర్టిస్ట్‌కే ఇస్తుంది, లేబుల్ చేతికి పోదు, కానీ ఆర్టిస్ట్ పేరు దగ్గర ఛానల్ పేరుంటే ఆ డబ్బు పాపని ఎలా వెతుక్కుంటూ వస్తుంది? ఇండియా 2018లో డబ్ల్యూపీపీటీ అనే, పాడినవాళ్ల, రికార్డింగ్ నిర్మాతల హక్కుల మీద దేశాల మధ్య ఉన్న ఒప్పందంలో చేరింది కాబట్టి మిగతా దేశాల్లో కూడా అడగడానికి దారి ఉంది, దేశాన్ని బట్టి ఎంతవరకు అన్నది మారుతుంది.

లేబుల్‌తో చివరికి కుదిరింది ఆ ఒక్క పాట రీమిక్స్‌కి మూడేళ్ల లైసెన్స్. ఆప్షన్లు (ముందుముందు పాటలు కావాలంటే తీసుకునే వీలు), ఎక్స్‌క్లూజివ్ (ఇంకెవరికీ పాడకూడదనేది), ప్రమోషన్ హామీలు అన్నీ పోయాయి. అడ్వాన్స్ కూడా తగ్గించారు, తగ్గిస్తారని ముందే అనుకున్నాం, నాన్నకి ముందే చెప్పాం కూడా. అయినా ఆ రాత్రి ఆయన నాకు ఫోన్ చేసి చాలాసేపు బాధపడ్డాడు.

డబ్బు విషయంలో పాపకి పాన్ తీశాం, మైనర్ పాన్ మీద ఫొటో, సంతకం ఉండవు, బ్యాంకులో ఒకసారి దీని మీదే వాదన అయింది. చాలా డిస్ట్రిబ్యూటర్ యాప్‌లు పద్దెనిమిది నిండనివాళ్లకి సొంతంగా అకౌంట్ ఇవ్వవు, అందుకని సంరక్షకుడి హోదాలో నాన్న పేరుతో వచ్చి, అక్కణ్ణుంచి పాప అకౌంట్‌కి, అందులోంచి ఫిక్స్‌డ్ డిపాజిట్‌కి పోయేలా పెట్టాం. రూల్ 20 శాతం అంటుంది, అమెరికాలో జాకీ కూగన్ అనే చైల్డ్ స్టార్ సంపాదన ఇంట్లోవాళ్లే ఖర్చు పెట్టేశాక 1939లో వచ్చిన కాలిఫోర్నియా చట్టం ఇప్పుడు 15 శాతం అంటుంది. నాకైతే రెండూ తక్కువే అనిపిస్తాయి. అమ్మ పట్టుబట్టి ఫీజులకి పోను అంతా డిపాజిట్ చేయించింది. టాక్స్‌లో ఒక మెలిక ఉంది, పిల్లలు సొంత టాలెంట్‌తో సంపాదించింది తల్లిదండ్రుల ఆదాయంలో కలపరు, కానీ ఆ డిపాజిట్ మీద వచ్చే వడ్డీ కలుపుతారు. ఇది చెప్పకపోతే రెండో ఏడాది నోటీస్ వచ్చినప్పుడు మనల్నే తిడతారు.

ఇప్పుడు

ఈ కేసు తర్వాత పిల్లలతో పాడించే ఛానళ్లకి ఒక పేజీ కాగితమే ఇస్తున్నా. ఏ రికార్డింగ్, ఏ తేదీ, ఓనర్ ఎవరు, పాప పేరు ఏ స్పెల్లింగ్, వాటా ఎంత, ఎన్నేళ్లు, గార్డియన్ సంతకం. పిల్లల సంతకం వద్దు. పాట రికార్డ్ అయ్యాకే రాయాలి, ముందు కాదు. మైనర్‌గా ఉన్నప్పటి ఒప్పందాన్ని పద్దెనిమిది నిండాక ఊరికే ఒప్పేసుకుంటే చాలదు కాబట్టి అప్పుడు కొత్తది రాసుకోవాలని కూడా చెప్తున్నా. కొందరు ఛానల్ వాళ్లు ఇంత అవసరమా అన్నా అంటారు. వాళ్లకి హోల్డ్‌లో పడ్డ డాష్‌బోర్డ్ స్క్రీన్‌షాట్, పేర్లు కొట్టేసి, చూపిస్తా.

పాప ఐదో క్లాస్‌కి వచ్చాక అదే ఛానల్‌కి ఇంకో పాట పాడింది, ఐదున్నర శ్రుతిలోనే. రికార్డింగ్ పూర్తయ్యాక కాగితం రాసుకుని, లేబుల్‌కి పంపించి చూశాం. బాగుంది కానీ మా మార్కెట్‌కి సరిపోదు అని మర్యాదగా మెయిల్ పెట్టారు. నాన్న అడిగాడు, "అప్పుడు ఆప్షన్ ఒప్పుకుంటే ఇది తీసుకునేటోళ్లా అన్నా?" తీసుకునేవాళ్లు కాదు. ఆప్షన్ అంటే తీసుకోవాలా వద్దా అనే ఇష్టం వాళ్లది, అప్పుడైనా వద్దనే అనేవాళ్లు, కాకపోతే గడువు అయిపోయేదాకా పాప ఇంకెవరికీ పాడకూడదు. ఈ పాట మొన్న దసరాకి ఇక్కడే వేరే ఛానల్ వాళ్లు కూడా లైసెన్స్ తీసుకుని వేశారు.